పూడికలోకి కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ దారిలోనే రాదు

గుండె రక్తనాళాల్లో పూడిక అనగానే అందరూ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతని అడుగుతారు, అక్కడే ఆగిపోతారు. ఎర్ర రక్తకణాల ఊసే ఎత్తరు. ఆక్సిజన్ మోయడంతోనే వాటి కథ అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు.

పూడిక మందమయ్యేకొద్దీ దాని లోపలికి సన్నటి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. వాటి గోడలు బలహీనం, ఇట్టే కారిపోతాయి. బయటికొచ్చిన ఎర్రకణాలు పూడికలోనే చచ్చిపోతాయి. ఎర్రకణం పొర బరువులో సుమారు 40 శాతం కొవ్వు పదార్థాలే, అందులో కొలెస్ట్రాల్ వాటా పెద్దది. అదంతా అక్కడే మిగిలి స్ఫటికాలు కడుతుంది, పూడిక మధ్యలోని మృత భాగం ఉబ్బుతుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ఎర్రకణాల పొరలో ఉండే గ్లైకోఫోరిన్-ఎ ప్రోటీన్‌ని సరిగ్గా ఆ మృత భాగంలోనే చూపించింది. పగిలిన కణంలోని హిమోగ్లోబిన్ ఇంకో తంటా. దానిలోని ఇనుము, పక్కనే ఉన్న ఎల్‌డీఎల్‌ని ఆక్సీకరణం చేస్తుంది, వాపు ఇంకా పెరుగుతుంది.

మామూలు యాంజియోగ్రామ్‌లో ఇదేదీ కనపడదు. అది రక్తం పారే దారి ఎంత ఇరుకైందో చెబుతుంది, గోడ లోపలి రక్తస్రావం సంగతి చెప్పదు. మెడ ధమనుల్లో అయితే ఎంఆర్ఐతో పట్టుకోవచ్చు.

దయచేసి ఇది చదివి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మానేయకండి. పూడిక మొదలయ్యేది ఎల్‌డీఎల్‌తోనే. ఒంట్లో ఇనుము తగ్గించుకుందామని రక్తం తీయించుకోవడమూ వద్దు. కాళ్ల ధమనుల జబ్బున్న 1277 మందిపై ఆ పద్ధతిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. మొత్తమ్మీద మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మీరు చూడాల్సింది సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. మగవాళ్లలో 49, ఆడవాళ్లలో 48 శాతం దాటితే, నీళ్లు బాగా తాగి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పుడూ తగ్గకపోతే కారణం వెతకాలి: పొగతాగడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, ఎర్రకణాలు అతిగా పుట్టే ఎముక మజ్జ జబ్బు పాలీసైథీమియా వెరా. ఈ చివరి జబ్బులో హెమటోక్రిట్‌ని 45 శాతం లోపు ఉంచినవాళ్లలో గుండె, రక్తనాళాల మరణాలు, పెద్ద రక్తపు గడ్డలు కలిపి 2.7 శాతం మందికే వచ్చాయి. 45–50 మధ్య వదిలేసినవాళ్లలో 9.8 శాతం మందికి. 2013 నాటి లెక్క ఇది. ఇంత తేడా ఉన్న అంకెను రిపోర్టులో చూసీచూడనట్టు వదిలేయడం నాకు మింగుడుపడదు.

ఆస్పిరిన్ వేసుకుంటున్నాం కదా, రక్తం పలచబడుతుంది అనుకునేవాళ్లకు ఒక మాట: అది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది, అంతే. హెమటోక్రిట్ తగ్గించడం దాని పని కాదు.