విధేయత సరే, జీతం ఎవరి జేబులోంచి?

న్యూయార్క్ న్యాయవాద సంస్థ చుట్టూ తిరిగే అమెరికన్ టీవీ ధారావాహిక 'సూట్స్'లో విధేయత గురించి మాట్లాడేవారిలో చాలామంది పేరున్న లాయరు హార్వీ స్పెక్టర్, అతని సహాయకుడు మైక్ రాస్‌ల అనుబంధం దగ్గరే ఆగిపోతారు. హార్వర్డ్ పట్టభద్రులను తప్ప తీసుకోని సంస్థలోకి లా డిగ్రీ లేని మైక్‌ను హార్వీ చేర్చుకుని, ఆ రహస్యాన్ని ఏళ్ల తరబడి కాపాడటం చూసేవారిని కట్టిపడేసే మాట నిజమే. అయితే ఉద్యోగ విధేయత ఖరీదు తెలిసేది హార్వీ గదిలో కాదు, ఆ గది బయట కూర్చునే కార్యదర్శి డోనా పాల్సన్ బల్ల దగ్గర.

రెండో సీజన్‌లో హార్వీకి ముప్పు తెచ్చే పత్రాన్ని ఆమె నాశనం చేస్తుంది. సంస్థ అధిపతి జెస్సికా ఆమెను ఉద్యోగం నుంచి తొలగిస్తుంది. ఆ పని ఎవరి కోసం జరిగిందో అందరికీ తెలుసు, పోయిన ఉద్యోగం మాత్రం ఆమెది. తర్వాత ఆమె తిరిగి వచ్చినా, అది నియమం ప్రకారం దక్కిన హక్కు కాదు, హార్వీ పూనుకోవడం వల్ల జరిగిన మేలు. నాలుగో సీజన్ చివర ఆమె అదే సంస్థలోని మరో లాయరు లూయిస్ దగ్గరకు మారాక మరింత కీలకమైన సంగతి బయటపడుతుంది: ఆమె జీతంలో కొంత భాగాన్ని అన్నాళ్లూ హార్వీ తన సొంత డబ్బులోంచి ఇస్తూ వచ్చాడు. ఔదార్యంలా కనిపించే ఈ ఏర్పాటే నాకు అన్నింటికన్నా ప్రమాదకరంగా తోస్తుంది, ఎందుకంటే జీతం సంస్థ ఖాతా నుంచి కాక ఒక మనిషి జేబులోంచి వచ్చినప్పుడు ఉద్యోగి ఆ మనిషికి కట్టుబడుతుందే తప్ప పనికి కాదు. బల్ల మారితే ఆదాయం తగ్గుతుందని తెలిసినవారు మనసులోని మాట ఎంతవరకు చెప్పగలరు?

చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో సీనియర్ లాయర్ల దగ్గర పని నేర్చుకునే జూనియర్లకు ఈ కథ బాగా తెలుసు. వాయిదాలు అడగడం, కట్టలు మోయడం, నకళ్ల కోసం తిరగడం వారి పని. నెలకు ఎంత వస్తుందన్నది సీనియర్ గారి మనసును బట్టి ఉంటుంది. ఆఫీసు మారిన జూనియర్‌ను కృతఘ్నుడంటారు గాని, అతనికి ఏమిచ్చారని అడిగేవారు అరుదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల భృతి మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో న్యాయవాద వృత్తిని నియంత్రించే భారత బార్ కౌన్సిల్, సీనియర్లు తమ జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల కనీస భృతి ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, కట్టుబాటు కాదు.

చిన్న ఆఫీసు నడిపే సీనియర్‌కు కూడా ఫీజులు సమయానికి రావని, వృత్తి నేర్పడమే ఆయన ఇచ్చే ప్రతిఫలమని కొందరంటారు. ఆ ఇబ్బందిని నేను కాదనను. కానీ వచ్చిన ఫీజులో జూనియర్ వాటా ఇంత అని ముందే రాసుకోవడానికి పెద్ద రాబడి అక్కర్లేదు, నేర్పడానికి అదేమీ అడ్డూ కాదు.

అందుకే ఈ పనిని సీనియర్ల మంచితనానికి వదిలేయకూడదు. చేరిన తేదీ, ఇవ్వవలసిన మొత్తం, ఆఫీసు మారేటప్పుడు చెల్లించవలసిన బకాయి నమోదయ్యే పుస్తకాన్ని చిత్తూరు, తిరుపతి రెండుచోట్లా న్యాయవాదుల సంఘాలైన బార్ అసోసియేషన్లే నిర్వహించాలి. దానికి కొత్త చట్టం అవసరం లేదు. సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు.