బిగియడం వేరు, కొలత కుదరడం వేరు

పేల్చిన తూటాల ఖాళీ కేసింగ్‌లను (ఇత్తడి గొట్టాలను) తిరిగి నింపుకోవడంపై వచ్చిన వ్యాసంలో, ఏ కంపెనీ డై (కేసింగ్‌ను నొక్కి సరైన ఆకారానికి తెచ్చే అచ్చు) అయినా ఏ రీలోడింగ్ ప్రెస్‌లోనైనా (డైని బిగించి కేసింగ్‌ను అందులోకి నొక్కే యంత్రంలోనైనా) పనిచేస్తుందని వ్యాసకర్త గారు రాసిన మాట సగమే నిజమని, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే వాడిగా మనవి చేస్తున్నాను. అమెరికాలో తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకొనేవారు వాడే ఆర్‌సీబీఎస్, లీ, హార్నడీ, రెడింగ్ కంపెనీల డైలలో అధిక భాగానికి 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్ల మర ఉంటుంది కనుక అవి ఒకరి ప్రెస్‌లో మరొకరివి బిగుస్తాయి. అసలు చిక్కు షెల్ హోల్డర్ (కేసింగ్ అడుగును పట్టి ఉంచే చిన్న ముక్క) దగ్గర వస్తుంది. ఇత్తడి కేసింగ్ కూర్చునే చోటు నుంచి హోల్డర్ పై అంచు దాకా 0.125 అంగుళం ఎత్తు ఉండాలన్నది ఆనవాయితీ. కంపెనీ మారినప్పుడు ఆ ఎత్తు అంగుళంలో వెయ్యో వంతు, రెండు వంతులు తగ్గినా కేసింగ్ డైలోకి మరింత లోతుగా వెళ్లి, దాని భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) అవసరానికి మించి వెనక్కి జరిగి, తుపాకీ ఛాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) వదులుగా కూర్చుంటుంది; పదే పదే వాడితే అడుగు భాగం దగ్గర తెగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి హోల్డర్ మార్చిన ప్రతిసారీ డైని మొదటి నుంచి సరిచూసుకోవాలన్న హెచ్చరికను వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా తెలుగు పాఠకులకు చెప్పి ఉండవలసింది.