బిల్లుకి చిల్లు పెట్టే హక్కు

జర్మనీలో బిల్లుకి చిల్లు పెట్టే హక్కు పోతోంది. ఇది ఎంత పెద్ద విషయమో మన వైపు వాళ్ళకి ఒక పట్టాన అర్థం కాదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ఈ దేశంలో మనిషి పుట్టినా, పోయినా, మధ్యలో సైకిల్ కొనుక్కున్నా ఒక కాగితం వస్తుంది. వచ్చిన కాగితానికి ఎడమ పక్కన రెండు చిల్లులు పెట్టి, ఫైల్లో గుచ్చి, ఫైలు వీపు మీద సంవత్సరం రాసి అల్మారాలో నిలబెట్టాలి. ఆ చిల్లులు పెట్టే యంత్రానికి 1886లో బాన్ నగరానికి చెందిన ఫ్రీడ్రిష్ సొనెకెన్ పేటెంటు తీసుకున్నాడు. పదేళ్ళ తర్వాత స్టుట్‌గార్ట్‌లో లూయీ లైట్స్ అనే ఆయన మీట ఎత్తితే తెరుచుకునే ఫైలు తయారుచేశాడు. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. దేశం రెండు ముక్కలైంది, గోడ కట్టారు, గోడ కూల్చారు, మార్కు పోయి యూరో వచ్చింది. రెండు చిల్లుల మధ్య దూరం మాత్రం నేటికీ ఎనిమిది సెంటీమీటర్లే.

అలాంటి చోట 2025 జనవరి 1న ఈ-బిల్లు దిగింది.

ఈ-బిల్లు అంటే మెయిల్లో వచ్చే పీడీఎఫ్ కదా అనుకుంటున్నారేమో. మీరు పాతకాలం మనుషులు. చట్టం లెక్కలో పీడీఎఫ్ ఇప్పుడు 'ఇతర బిల్లు'. కాగితాన్ని ఏ పంక్తిలో కూర్చోబెట్టారో దాన్నీ అక్కడే కూర్చోబెట్టారు. అసలైన ఈ-బిల్లు అంటే ఈఎన్ 16931 అనే యూరప్ ప్రమాణానికి కట్టుబడి, యంత్రం గడగడా చదివేసేది, మనిషి మాత్రం చదవలేనిది.

దీన్ని తెచ్చిన చట్టం పేరు వాఖ్‌స్టుమ్స్‌షాన్సెన్‌గెజెట్స్. ఒక్క ఊపిరిలో అనాలి. 'ఎదుగుదల అవకాశాల చట్టం' అని అర్థం, 2024 మార్చిలో ఆమోదం పొందింది. ఎవరి ఎదుగుదల అన్నది అందులో రాయలేదు. అయితే ఆ ఏడాది పొడుగునా మా మెయిల్‌బాక్సుల్లోకి వచ్చిపడ్డ 'మీరు సిద్ధమేనా?' వెబినార్ల ఆహ్వానాలు చూస్తే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు మాత్రం ఏపుగా ఎదిగారని చెప్పచ్చు.

ఏర్పాటు ఎలా ఉందో చూడండి. ఈ-బిల్లు పుచ్చుకోవడం 2025 మొదటి రోజు నుంచే వ్యాపారం చేసే ప్రతివాడికీ తప్పనిసరి. ఇవ్వడం మాత్రం అప్పుడే తప్పనిసరి కాదు. అంతకు ముందు ఏడాది టర్నోవర్ 8 లక్షల యూరోలు దాటినవాళ్ళు 2027 నుంచి ఇవ్వాలి, మిగిలినవాళ్ళు 2028 నుంచి. అంటే ఊరందరినీ విస్తళ్ళు వేసి కూర్చోబెట్టారు, వడ్డించేవాళ్ళు రెండేళ్ళ తర్వాత వస్తారు. ఈలోగా ఎవడైనా ముచ్చటపడి వడ్డిస్తే తినను అనడానికి వీల్లేదు. 'నాకు చదవడం రాదు, కాగితం మీద పంపండి' అని అడిగే హక్కు పుచ్చుకునేవాడికి లేదు. పంపినవాడు పంపేశాడు, వాడి బాధ్యత తీరిపోయింది. బాగా చిన్న వ్యాపారులకి దయతలిచి, మీరు ఎప్పటికీ వడ్డించక్కర్లేదన్నారు. విస్తరి ముందు కూర్చోవడం మాత్రం వాళ్ళకీ తప్పదు.

వ్యాపారి అంటే ఎవరు అన్నది ఇంకో మడతపేచీ. ఇక్కడ ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, లోను పెట్టి చిన్న ఫ్లాటు కొని అద్దెకిచ్చిన మనవాళ్ళున్నారు. పన్ను చట్టం కళ్ళకి వాళ్ళూ వ్యాపారులే. ఆ ఫ్లాట్లో కుళాయి బాగుచేసిన ప్లంబర్ ఈ-బిల్లు పంపితే నోరెత్తకుండా తీసుకోవాలి. 250 యూరోల లోపు బిల్లులకి మినహాయింపు ఉందిగా అని వాళ్ళు సంబరపడ్డారు. జర్మనీలో ప్లంబర్‌ని ఇంతకు ముందెప్పుడూ పిలిచి ఉండరు.

ఇక మా బాబాయ్ సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన చిన్న ఊళ్ళో ఆయనకి కిరాణా కొట్టుంది. చుట్టుపక్కల తెలుగు పిల్లలందరికీ ఆయన బాబాయే. పప్పు, బియ్యం, పచ్చళ్ళు, గురువారం దిగే కరివేపాకు. ఆయన లెక్కలు మొన్నమొన్నటి దాకా ఒక షూ డబ్బాలో ఉండేవి. మూడు నెలలకోసారి ఆ డబ్బా తీసుకెళ్ళి ఆడిటరమ్మ బల్ల మీద పెట్టేవాడు. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచేది. ఇద్దరి మధ్యా ఇరవయ్యేళ్ళ స్నేహం ఆ నిట్టూర్పు మీదే నడిచింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, కంప్యూటర్లోకి వైరస్ వచ్చిందిరా."

వెళ్ళి చూశాను. సరుకు పంపే హోల్‌సేలువాళ్ళ మెయిలు. అందులో ఒక ఫైలు, తెరిస్తే పైనుంచి కిందదాకా కోణాల గుర్తులు, వాటి మధ్య ఏవో ఇంగ్లీషు మాటలు. బాబాయ్ అప్పటికే దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసి, మంచిదని కంప్యూటర్ ఆపేసి, ప్లగ్గు కూడా పీకేశాడు.

"బాబాయ్, అది వైరస్ కాదు, బిల్లు."

"బిల్లయితే అంకెలుండాలి కదరా?"

అంకెలున్నాయి. చెత్తబుట్టలోంచి తీసి ఇద్దరం వరసగా చదవడం మొదలుపెట్టాం. మొదట్లోనే 380 అని ఉంది. 380 యూరోలే అనుకుని బాబాయ్ మొహం వెలిగింది. అది డబ్బు కాదు, 'ఇది బిల్లు' అని యంత్రానికి చెప్పే నంబరు. "బిల్లు అనే రాయచ్చుగా?" అన్నాడు. రాయచ్చు, కానీ అప్పుడు మనకి అర్థమైపోతుంది. కందిపప్పు దగ్గర కేజీఎం అని ఉంటే కిలోలని ఆయనే కనుక్కుని గర్వపడ్డాడు. గోంగూర పచ్చడి సీసాల దగ్గర మాత్రం ఆగిపోయాం. అక్కడ 40, పక్కన హెచ్87 అని ఉంది.

"చూశావా, నిల్వ ఉండటానికి మందు కలుపుతున్నారు. నేను ముందే అనుకున్నా" అన్నాడు.

హెచ్87 అంటే శాల్తీ. నలభై శాల్తీలు. మరో చోట సి62 కనపడింది. అంటే 'ఒకటి'. ఒకటి అనడానికి మూడు అక్షరాలు ఖర్చుపెట్టి, అందులో రెండు అంకెలుండి, ఆ రెండిట్లోనూ ఒకటి లేకుండా జాగ్రత్తపడ్డవాళ్ళు సామాన్యులు కారు. సరుకు దింపిన కూలీ గంటల లెక్కలో వేశారు, దానికి హెచ్‌యూఆర్. మొత్తం చదవడానికి మాకు పట్టింది ఒకటిన్నర హెచ్‌యూఆర్.

కళ్ళకి తేలిగ్గా ఉండాలంటే రెండో రకం ఉంది. దాని పేరు త్సుగ్‌ఫెర్డ్. ఒక అక్షరం కలిపితే జర్మన్‌లో బండి లాగే గుర్రం అని అర్థం వచ్చేటట్టు ఏరికోరి పెట్టిన పేరు. జర్మన్లు జోకేస్తే ఇలా ఒక సాంకేతిక ప్రమాణం రూపంలో వేస్తారు. ఇందులో పైకి చక్కటి పీడీఎఫ్ కనిపిస్తుంది, దాని కడుపులో యంత్రం చదివే ఫైలు ఉంటుంది. పైన ఒక మొత్తం, లోపల ఇంకో మొత్తం ఉంటే ఏది నిజం? లోపలున్నదే నిజమని ఆర్థిక శాఖ 2024 అక్టోబరులో రాతపూర్వకంగా తేల్చింది. కంటికి కనిపించేది మిథ్య, కనిపించనిదే సత్యం. మన ఆది శంకరులు కాలడి నుంచి కేదారం దాకా కాలినడకన తిరిగి చెప్పిన మాటని వీళ్ళు వ్యాట్ సర్క్యులర్లో చెప్పేశారు. ఈ గుర్రంలో 'మినిమమ్' అని ఒక రకం కూడా ఉంది. అది చట్టం అడిగే మినిమమ్‌కి చాలదు. అది వేరే వేదాంతం.

కాగితం మీద ఈ పగ ఎప్పటిదీ అని అడక్కండి. 2020 జనవరి 1 నుంచి ఇదే దేశంలో, ఈ-బిల్లులాగే పన్ను ఎగవేతని ఆపడానికే, కొన్న ప్రతి వస్తువుకీ రసీదు ఇచ్చి తీరాలని రూలు పెట్టారు. ఒక్క బన్ను కొన్నా రసీదే. ఎవరూ తీసుకెళ్ళరు, బేకరీవాళ్ళు గుట్టలు పోసి ఫొటోలు తీసి పేపర్లకి పంపారు. ఐదేళ్ళు తిరక్కుండానే కాగితం వద్దన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, ఆదాయపు పన్ను రిటర్ను బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద పట్టాలని 2003లో ఫ్రీడ్రిష్ మెర్త్స్ అన్నాడు. ఆయనిప్పుడు చాన్సలర్. అట్టముక్క ఇంకా బీరు కిందే ఉంది. నన్నడిగితే ఈ దేశం కనిపెట్టిన అతి గొప్ప బిల్లు అదే. తాగిన గ్లాసుకో గీత చొప్పున పెన్సిల్‌తో ఆ అట్ట మీదే గీస్తారు. తాగినవాడూ చదవగలడు, పోసినవాడూ చదవగలడు, హెచ్87తో పనిలేదు.

పోనీ ఇంత హైరానా పడ్డాక బిల్లు ఎక్కడికి వెళ్తుంది? ఇటలీలో అయితే 2019 నుంచి ప్రతి బిల్లూ ప్రభుత్వం వారి గేటు దాటుకునే వెళ్తుంది. మన దేశంలో 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ ఉన్నవాళ్ళతో మొదలుపెట్టి, 2023 ఆగస్టుకల్లా 5 కోట్ల వాళ్ళదాకా దించేశారు. బిల్లు పోర్టల్లోకి ఎక్కుతుంది, 64 అక్షరాల నంబరు, క్యూఆర్ కోడు వేసుకుని దిగుతుంది. గుంటూరులో కారం మిల్లు నడిపే బాబాయ్ గారి బావమరిదికి ఇది అలవాటైపోయి కూడా చాలా కాలమైంది. జర్మనీలో వ్యాపారుల మధ్య నడిచే బిల్లులకి అలాంటి సర్కారు గేటు ఇంకా లేదు. అమ్మినవాడు మెయిల్లో పంపుతాడు, కొన్నవాడు మెయిల్లో తీసుకుంటాడు. అందుకోవడానికి మామూలు మెయిల్ ఐడీ ఒక్కటి చాలని ఆర్థిక శాఖే చెప్పింది. ఈ ఒక్క వాక్యం విన్నాక కూడా వెబినార్ రెండు గంటలు సాగింది.

బావమరిది వీడియో కాల్‌లో మాకు ధైర్యం చెప్పాడు. "బావగారూ, టెన్షన్ పడకండి. అక్కడ నెమ్మదిగా వస్తాయి ఇలాంటివి. మాకూ మొదట్లో అలాగే ఉండేది." బెంజ్ కారు తయారుచేసే దేశంలో ఉంటూ గుంటూరు నుంచి ఓదార్పు అందుకోవడం బాబాయ్‌కి తలకొట్టేసినట్టయింది. ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదని పిన్ని చెప్పింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఉద్దేశం మంచిదే. దొంగ బిల్లులు చూపించి వ్యాట్ వెనక్కి లాగే ముఠాలు యూరప్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాయి. అందుకే 2030 జులై నుంచి ఈయూ దేశాల మధ్య వ్యాపారంలో ఈ-బిల్లే ఇవ్వాలని, దాని వివరాలు పన్ను శాఖకి చేరాలని 2025 మార్చిలో తీర్మానించారు. ఆ ముఠాల్లో ఎవరూ షూ డబ్బా వాడరని నా నమ్మకం. వాళ్ళు ఎప్పుడో సిద్ధమై ఉంటారు.

సిద్ధం కావలసింది బాబాయే. ఆడిటరమ్మ ఒక సాయంత్రం కొట్టుకొచ్చి మూడు పనులు చెప్పింది. బిల్లుల కోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోవాలి. ఇది చట్టం అడగలేదు, బాబాయ్ చెత్తబుట్ట అలవాటు చూసి ఆవిడే అడిగింది. రెండోది, వచ్చిన ఫైలుని వచ్చినట్టే ఎనిమిదేళ్ళు దాచాలి. ప్రింటు తీసి దాచుకుంటే కుదరదు, కాగితం ఇప్పుడు సాక్ష్యం కాదు, జ్ఞాపకం. ఇంతకు ముందు పదేళ్ళు దాచాల్సి వచ్చేది, ప్రజల మీద భారం తగ్గించడానికి రెండేళ్ళు కోశారు. మూడోది అసలు పరీక్ష. కొట్లోకి బిల్లు ఎలా వస్తుంది, ఎవరు చూస్తారు, ఎక్కడ దాస్తారు అన్నదంతా ఒక పత్రంగా రాసి పెట్టుకోవాలి. దానికీ ఈ పేజీ వెడల్పు చాలని ఒక జర్మన్ పేరుంది.

బాబాయ్ పెన్ను తీసుకుని అక్కడికక్కడే రాసిచ్చాడు. "మెయిల్ వస్తుంది. మా అబ్బాయి చూస్తాడు." ఆవిడ ఇచ్చిన నమూనా ఇరవై మూడు పేజీలుంది. అబ్బాయి సెలవులో ఉంటే ఎవరు చూస్తారన్నది ఏడో పేజీ.

అన్నీ పూర్తయ్యాయి. ఐడీ వచ్చింది, సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా చందా మొదలైంది, ఇరవై మూడు పేజీలూ నిండాయి. పంచింగ్ మెషీన్‌ని తుడిచి అల్మారా పై అరలో, వినాయకుడి పక్కన పెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత ఆడిటరమ్మ ఆఫీసు నుంచి బిల్లొచ్చింది. 'ఈ-బిల్లుకి సిద్ధం చేయుట, సలహా మరియు శిక్షణ'. పోస్టులో వచ్చింది. కాగితం మీద, మడతపెట్టి, స్టాంపు అంటించి.

బాబాయ్ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్టూలెక్కి పంచింగ్ మెషీన్ దించాడు. కాగితాన్ని సరిగ్గా మధ్యకి మడిచి, గోటితో గుర్తుపెట్టి, నొక్కాడు. రెండు గుండ్రటి ముక్కలు బల్ల మీద పడ్డాయి.

"వీళ్ళు ఇంకెన్నాళ్ళు ఇలా పంపచ్చురా?"

"2026 చివరిదాకా ఎవరైనా పంపచ్చు బాబాయ్. ఆ తర్వాత 2027 అంతా పంపాలంటే మాత్రం 2026లో ఆవిడ టర్నోవర్ 8 లక్షల యూరోలు దాటకూడదు."

బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించి, వినాయకుడి వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

"దాటకుండా చూడు స్వామీ" అన్నాడు.