ఆగండి! ఆ ఇడ్లీ కింద పెట్టండి

ఈమధ్య మా బెజవాడలో పొద్దున్నే ఇడ్లీ తినాలంటే గుండె ధైర్యం కావాలి. ముక్క తుంచి చట్నీలో ముంచేలోపు పక్క టేబుల్ ఫోన్లోంచి కేక: "ఆగండి!" బెంజి సర్కిల్లో ట్రాఫిక్ పోలీసు కూడా అంత అధికారంగా ఎవర్నీ ఆపలేడు. ఎవరయ్యా ఆపిందంటే, రీల్లో న్యూట్రిషనిస్టు. మొదటి మూడు సెకన్లలో ఆపకపోతే మనం బొటనవేలితో పైకి తోసేస్తాం కదా, అందుకని. పెరుగా, ఆగండి. అరటిపండా, ఆగండి. నిలబడి మంచినీళ్ళు తాగుతున్నారా, అయ్యయ్యో ఆగండి. ఇంకా బతికి తిరుగుతున్నామంటే దుర్గమ్మ చలవే.

కాకరకాయ రసంతో సర్వరోగాలూ పోగొట్టే బాబాయిల జోలికి నేను పోవడం లేదు. వాళ్ళకి తెలియదు, పాపం. నా గోల ఎమ్మెస్సీ చదివి, డైటీషియన్ అని బోర్డు కట్టినవాళ్ళతో. వాళ్ళకి అన్నీ తెలుసు.

మొన్న గవర్నర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్లో ఆ షూటింగ్ కళ్ళారా చూసే భాగ్యం కలిగింది. మేడం తెల్లకోటు, ఎదురుగా ఇడ్లీ ప్లేటు, రింగు లైటు, ఫోను పట్టుకున్న కుర్రాడు. "ఆగండి! ఇడ్లీ అంటే తెల్లటి విషం" అంటూ గాల్లోకి వేలు చూపించారు. అక్కడేమీ లేదు. అక్షరాలు తర్వాత వచ్చి చేరతాయట. "మేడం, ఆవిరి రావట్లేదు" అన్నాడు కుర్రాడు. విషమైనా వేడివేడిగా కనపడాలి కదా, ఇంకో ప్లేటు తెప్పించారు. ఈసారి వేలు ఎడంపక్కకి పోయింది. ఇంకో ప్లేటు. ఈసారి సర్వరు "కారప్పొడి వేయమంటారా?" అంటూ మధ్యలోకి వచ్చేశాడు. మరో ప్లేటు. చల్లారిన విషం వృథా పోకూడదని కుర్రాడు నెయ్యి పోయించుకుని ఒక్కొక్కటే లాగించాడు. నేను లెక్కపెట్టాను, ఎనిమిది ఇడ్లీలు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. చివర్లో మేడం నవ్వి "డైట్ ప్లాన్ కావాలంటే కామెంట్లో 'ప్లాన్' అని పెట్టండి" అన్నారు, షూటింగ్ అయిపోయింది.

వారం తిరక్కుండా అదే మేడం, అదే కోటు. ఇడ్లీ జాతకం మాత్రం తిరిగింది. ఇప్పుడది కొర్రల ఇడ్లీ పిండి, లింకు బయోలో. ఆరోగ్య నిపుణులమని చెప్పుకునేవాళ్ళు తమ అర్హతేమిటో చెప్పాలని 2023 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. డబ్బు తీసుకుని చెబితే ఆ సంగతి స్పష్టంగా తెలియాలన్న నిబంధన అంతకు ముందే ఉంది. మేడం రెండూ పాటిస్తున్నారు. అర్హతకి కోటుంది, డబ్బు సంగతి చీమ కాలంత అక్షరాల్లో ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూచనలు విడుదల చేసింది. రకరకాలుగా తినండి, ఉప్పు తగ్గించండి, కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దు, ఇలా. ఒక్కటీ "ఆగండి"తో మొదలవదు. మరి ఎవరు చూస్తారు?

అంతెందుకు, మా వీధిలో కోటా బియ్యంలోంచి కొన్ని గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారబోసేవారు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపేవారు. రక్తం తక్కువైన ఆడవాళ్ళు పారబోసింది రక్తం పట్టడానికి వేసిన గింజల్నే. ముప్ఫై సెకన్ల రీలు చాలేది. ఎవరూ తీయలేదు. కోటా బియ్యం తినేవాళ్ళు ప్లాన్ కొనరుగా!

ఇక మా పిన్ని సంగతి. గుంటూరులో ఉంటుంది, ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉంది. "ఆగండి! రాత్రి అన్నం మానేస్తే షుగర్ పరార్" అన్న రీలు చూసింది. మానేసింది. ఇన్సులిన్ మాత్రం రోజూ వేసుకునేంతా వేసుకుంది. రాత్రి రెండింటికి ఒళ్ళంతా చెమట, వణుకు, మాట తడబాటు. షుగర్ మిషన్లో 48. డెబ్బై దిగితేనే డాక్టర్లు కంగారు పడతారు. పంచదార నీళ్ళు తాగించి, ఆటోలో ఆసుపత్రికి పట్టుకుపోయారు.

"ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఇది చేయకండి." ఈ ముక్క చెప్పడానికి నాలుగు సెకన్లు పడుతుంది. అది మీకు తెలియదా తల్లీ? పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునే ఉంటారు. తెలిసీ, రీలు చప్పబడుతుందని వదిలేశారు. సిగ్గుగా లేదూ? పిన్ని సెలైన్ ఎక్కించుకుంటుంటే ఆవిడ ఫోన్లో మెసేజ్ మోగింది: "హాయ్ డియర్! మీ ప్లాన్ రెడీ, మూడు నెలలకి 4,999 మాత్రమే!" రాత్రెప్పుడో కామెంట్ పెట్టిందట.

మర్నాడు ఆ ఆసుపత్రిలోనే డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయికి కోటు లేదు, లైటు లేదు. "ఇంట్లో అన్నం దేంతో కొలిచి పెట్టుకుంటారమ్మా?" అని అడిగింది. పిన్ని రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. ఆ అమ్మాయి ఓపీ చీటీ వెనక గుండ్రంగా కంచం గీసి, సగానికి కూరలు, పావుకి పప్పు, పావుకి అన్నం అని గళ్ళు కట్టింది. అన్నం మానక్కర్లేదంది. పిన్ని ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటూ, "నీకు చానల్ ఉందా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. బయట ఇంకా నలభై మంది ఉన్నారు, కాస్త జరగండి."