పులి కోసం వేసే గేటు మనిషి కోసం వెయ్యరా?

శుక్రవారం రాత్రి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చూడండి, అల్లూరి జిల్లా కొండల్లోని లంబసింగికి టూర్ బస్సులు, టెంపో ట్రావెలర్లు బయల్దేరుతుంటాయి. తెల్లారేసరికి మంచులో ఫొటోలు దిగాలన్నది ప్యాకేజీ. అంటే నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేది సరిగ్గా పొగమంచు ముసిరే వేళకే. స్టీరింగ్ ముందు రాత్రంతా నిద్రలేని డ్రైవర్.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర చీకటి పడ్డాక హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడింది. 2025 డిసెంబర్ 12 తెల్లవారుజామున చింతూరు–మారేడుమిల్లి ఘాట్‌లో చిత్తూరు జిల్లా యాత్రికుల బస్సు లోయలో పడి తొమ్మిది మంది చనిపోయారు. ప్రతిసారీ సంతాపం, పరిహారం, విచారణ. ఆ వేళప్పుడు బస్సును ఘాట్ ఎక్కనిచ్చింది ఎవరని మాత్రం ఎవరూ అడగరు.

మంచులో హెడ్‌లైట్ పెంచేకొద్దీ ఎదుట తెల్లటి గోడే తప్ప రోడ్డు కనపడదు. క్లీనర్ తలుపులోంచి వంగి, సెల్‌ఫోన్ లైటుతో రోడ్డు అంచు వెతుకుతూ ‘రైట్, రైట్’ అని అరుస్తుంటాడు. వాన పడకపోయినా చెట్ల మీంచి కారే మంచునీటికి తారు తడిసి ఉంటుంది. మలుపులో రాలిన ఆకుల మీద బ్రేకు వేస్తే టైరు జారుతుంది. వానలకు కోసుకుపోయిన రోడ్డు అంచులు చాలాచోట్ల అలాగే ఉంటాయి.

దోర్నాల దగ్గర శ్రీశైలం దారిలోని అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిదికి పడితే తెల్లారి ఆరుకే లేస్తుంది. పులులు తిరిగే వేళ అడవిలో బండ్లు ఉండకూడదని. మంచి పనే. మల్లన్న దర్శనం అందువల్ల ఎవరికీ తప్పలేదు. తిరుమల ఘాట్‌నూ అర్ధరాత్రి మూస్తారు. అల్లూరి జిల్లాలోనే గట్టి వానలు పడితే రాత్రి రాకపోకలు ఆపుతారు. వానకు వేసే గేటు, పులికి వేసే గేటు, టిక్కెట్లు అమ్ముడయ్యే మంచు సీజన్‌లో మాత్రం ఎందుకు వెయ్యరు?

బండ్లను అలా ఆపితే గిరిజనుల ఉపాధి దెబ్బతింటుందని కొందరంటారు. పొద్దెక్కాక వచ్చిన పర్యాటకుడు కూడా అక్కడే టీ తాగుతాడు, అక్కడే గది తీసుకుంటాడు.

లంబసింగి పక్కనున్న చింతపల్లిలో ఎన్ని డిగ్రీలో ప్రతి ఉదయం చెప్పే ప్రభుత్వం, ఘాట్ ఎలా ఉందో ఒక్క మాట చెప్పదు. చలిని చూపించి జనాన్ని పిలవడం తెలిసినవాళ్లకు, వచ్చేవాళ్లను కాపాడటం తెలియదా? అంబులెన్సులు లోయ దగ్గర బారులు తీరాక పెట్టే సమీక్షలు ఎవరికి కావాలి? ఫిబ్రవరి నెలాఖరు దాకా పొద్దెక్కేవరకు పర్యాటక వాహనాలను ఘాట్ కిందే ఆపండి. ఆ ఉత్తర్వు వచ్చే శుక్రవారం బస్సులు కదిలేలోపే రావాలి.