క్రెడిట్ గారికి, ఫీజు కట్టిన తల్లి రాయునది

మహారాజశ్రీ అకడమిక్ క్రెడిట్ గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి. మీ కుశలం విడిగా అడగక్కర్లేదు. డిగ్రీ రావాలంటే ఇన్నని కూడబెట్టాల్సిన కాలేజీ పాయింట్లు మీరు, ప్రతి సెమిస్టరూ మీ ఫీజు టంచనుగా అందుతూనే ఉంది కదా.

మా అమ్మాయి ఈ వేసవిలో మీ కోసం వాషింగ్టన్ వెళ్లింది. అమెరికా పార్లమెంటు, అదే కాంగ్రెస్, ఉండే క్యాపిటల్ హిల్ మీద ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్. "జీతం ఎంతే?" అని అడిగితే, "జీతం లేదమ్మా, మూడు క్రెడిట్లు వస్తాయి" అంది. పోనీలే, ఏదో ఒకటి ఇస్తున్నారు అనుకున్నాం. తర్వాత కాలేజీ నుంచి బిల్లు దిగింది. ఇచ్చేదేం లేదు, ఆ మూడూ మేమే కొనుక్కోవాలట! ఒక్కోటీ వెయ్యి డాలర్ల పైమాటే. పని చేసేది మా పిల్ల, చేయించుకునేది ఆఫీసు, డబ్బు పుచ్చుకునేది మాత్రం ఆ పది వారాలూ ఈ ఛాయలకే రాని కాలేజీ. పెళ్లిళ్లలో ఎదురుకట్నం విన్నాం గానీ, కొలువుల్లో ఎదురుజీతం మీ పుణ్యమా అని ఇప్పుడే చూశాం.

కాలేజీ అసలేమీ చేయలేదంటే కళ్లు పోతాయి. ఒక ప్రొఫెసర్ గారిని అప్పగించారు. ఆయన వారానికోసారి 'రిఫ్లెక్షన్ జర్నల్' రాసి పంపమన్నారు, ఆ వారం ఏం నేర్చుకున్నావో అందులో ఉండాలి. మా పిల్ల ఒక వారం ఇలా రాసింది: "ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు తిడుతుంటే, గొంతు మారకుండా 'మీ అభిప్రాయం తప్పకుండా చేరవేస్తానండీ' అనడం నేర్చుకున్నాను." దాని కింద ప్రొఫెసర్ గారు 'గుడ్ ఇన్‌సైట్' అని రాసి పంపారు. మేం కట్టిన ఫీజుకి ఆ వారం ముట్టింది ఆ రెండు మాటలే.

పనికి మాత్రం లోటు లేదు. పొద్దున వెళ్లగానే ఫోన్లు. పిలిచినవాళ్లు ఏ బిల్లుకి అనుకూలమో, దేనికి వ్యతిరేకమో కంప్యూటర్లో ఎక్కించాలి. మధ్యాహ్నం నియోజకవర్గం నుంచి వచ్చిన కుటుంబాలకి క్యాపిటల్ భవనం చూపించాలి. ఒకప్పుడు ప్రతినిధుల సభ జరిగిన స్టాట్యువరీ హాల్లో ఒకచోట నిలబడి గుసగుసలాడితే, ఆ మాట హాలు అవతల ఉన్నవాళ్లకి వినపడుతుంది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ అక్కడ బల్ల మీద తల వాల్చి, నిద్ర నటిస్తూ ఎదుటి పక్షం మాటలు వినేవాడని చెప్పి పిల్లల్ని నవ్వించాలి. అది నిజమో కాదో ఎవరికి తెలుసు, టూర్లో అందరూ చెప్పేదే. సాయంత్రం జెండా ఫారాలు. క్యాపిటల్ మీద ఎగరేసి దించిన జెండాని సర్టిఫికెట్‌తో సహా కొనుక్కునే పద్ధతి 1937 నుంచీ ఉంది, ఆర్డరు ఎంపీ ఆఫీసు ద్వారానే పెట్టాలి. ఆ కప్పు మీద కాసేపు ఎగిరి దిగిన గుడ్డకి కూడా ధర ఉంది. దాని ఫారం చూసే పిల్లకే లేదు.

ఇదెలా చెల్లుతోందా అని చట్టాలు తిరగేశాను. అప్పుడు తెలిసింది మీ మహిమ. మీరు కూలి కాదు, కూలి ఎగ్గొట్టడానికి రాసిచ్చే పర్మిట్టు.

కనీస వేతన చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ 1938లో చేసింది. దేశం మీదికి వదిలిన ఆ చట్టాన్ని సొంత గుమ్మంలోకి రానివ్వడానికి 1995 దాకా ఆగింది. ఆ ఏడు కాంగ్రెస్ ఉద్యోగులకీ అది వర్తిస్తుందని ఇంకో చట్టం చేసి, వేతనాల భాగంలో ఒక్క వాక్యం కలిపింది: ఇక్కడ ఉద్యోగి అంటే ఇంటర్న్ లెక్కలోకి రాడు. ఎంత పొదుపైన వాక్యమో చూడండి! తలుపు బార్లా తీసి, పిల్లలు వచ్చే వైపు మాత్రం గడియ పెట్టారు.

మిగతా ఫెడరల్ శాఖల కథ ఇంకా రుచిగా ఉంటుంది. ప్రభుత్వం ఎవరి దగ్గరా ఉచితసేవ పుచ్చుకోకూడదని అక్కడ చట్టం ఉంది. మనిషి ప్రాణాలకో ఆస్తికో ముప్పు వచ్చినప్పుడే మినహాయింపు. 1978లో ఇంకో మినహాయింపు చేరింది, విద్యార్థులు. కాలేజీ అనుమతి ఉండాలి, అది చదువులో భాగం కావాలి, పైసా ఇవ్వకూడదు, ఉన్న ఉద్యోగిని తీసేసి ఆ సీట్లో కూర్చోబెట్టకూడదు. అంటే సర్కారు ఊరికే పని చేయించుకోవాలంటే వరదైనా రావాలి, ఇల్లైనా అంటుకోవాలి, లేదా మా అమ్మాయైనా రావాలి.

లాభాల కోసం నడిచే కంపెనీలకి కార్మిక శాఖ 2018లో ఏడు ప్రశ్నల పరీక్ష పెట్టింది, 2015 నాటి ఒక అప్పీలు కోర్టు తీర్పు నుంచి తీసుకుని. పని వల్ల ఎక్కువ లాభం ఎవరికి, కంపెనీకా ఇంటర్న్‌కా అని తేల్చే పరీక్ష అది. అందులో మూడో ప్రశ్న మీ గురించే, క్రెడిట్ వస్తోందా అని. ఏ ఒక్క ప్రశ్నతోనూ తేల్చెయ్యకూడదని కూడా అన్నారులెండి. కానీ లాయర్లకి మీరుంటే ఎంత నిశ్చింత! జీతం లేని చోట్ల ప్రకటన కింద 'క్రెడిట్ తీసుకునేవారే అర్హులు' అని ఎందుకు రాస్తారో నాకిప్పుడు అర్థమైంది. పిల్లల చదువు మీద బెంగతో రాస్తున్నారేమో అనుకున్నాను, వెర్రిదాన్ని.

మీది ఇవాళ్టి వ్యవహారం కూడా కాదు. బయటి కాలేజీల పిల్లలు ఒక సెమిస్టరు రాజధానిలో గడిపే 'వాషింగ్టన్ సెమిస్టర్'ని అమెరికన్ యూనివర్సిటీ మొదలుపెట్టింది 1947లో. ఇంటర్న్‌షిప్‌లు ఇప్పించే వాషింగ్టన్ సెంటర్ అనే సంస్థ 1975లో వచ్చింది. ఇప్పుడు రాజధానిలో సొంత భవనాలు పెట్టుకున్న యూనివర్సిటీలే ఉన్నాయి. ఊళ్లో అంత గిరాకీ మీకు.

ఇక లెక్కలకొద్దాం. వారానికి 40 గంటల చొప్పున పది వారాలంటే 400 గంటలు. 2025 జులైలో వాషింగ్టన్ నగరంలో కనీస వేతనం గంటకి 17.95 డాలర్లు. వెరసి 7,180 డాలర్లు. అదే వేసవి అదే ఊళ్లో కాఫీ షాపులో కప్పులు కడిగిన పిల్లకి వచ్చేది అదీ. మా పిల్ల చేతికి రావాల్సిన ఆ డబ్బు రాలేదు సరికదా, మూడు క్రెడిట్ల ఫీజు మా చేతి నుంచి పోయింది. అయినా మేం రాజధాని దగ్గరి ఆష్‌బర్న్‌లో ఉంటాం గనుక గట్టెక్కాం. 2022 నవంబరులో మెట్రో సిల్వర్ లైను మా దాకా వచ్చింది, ఎక్కితే మారక్కర్లేకుండా క్యాపిటల్ సౌత్‌లో దిగొచ్చు. ఆఫీసులో దాని పక్క సీట్లో పిల్ల నెబ్రాస్కా నుంచి వచ్చింది. గది అద్దె, మెట్రో, జులై ఉక్కలో వేసుకోక తప్పని కోటు, అన్నీ దాని మెడకే. రాత్రి భోజనం మాత్రం, బిల్లుల కోసం సభ్యుల చుట్టూ తిరిగే లాబీయిస్టుల రిసెప్షన్లలో కానిచ్చేదట. అక్కడా రూలుంది. నైతిక నియమాల ప్రకారం భోజనం పెడితే తప్పు, చిరుతిండి పెడితే ఒప్పు. హిల్ మీద దాన్ని టూత్‌పిక్ రూలు అంటారు. పుల్లకి గుచ్చినంత తింటే అవినీతి అంటదు. ఆ పిల్ల పుల్ల పుల్లా కూడబెట్టుకుని కడుపు నింపుకుంది. అద్దె కట్టే అమ్మానాన్నల్లేని పిల్లలైతే నెబ్రాస్కాలోనే ఆగిపోయారు. రేపు ఆ ఆఫీసుల్లో ఉద్యోగం పడితే, ముందు పిలిచేది ఇంటర్న్‌గా చేసినవాళ్లనే. ఆగిపోయినవాళ్లకి ఆ పిలుపూ రాదు.

మీకు ఎదురుగాలి వీయడం లేదని కాదు. 2018లో కాంగ్రెస్ ఇంటర్న్‌ల జీతాలకని విడిగా డబ్బు పెట్టింది, ప్రతినిధుల సభకి 88 లక్షల డాలర్లు, సెనేట్‌కి 50 లక్షలు. 2022లో వైట్‌హౌస్ కూడా వారానికి 750 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మరి మా పిల్ల ఆఫీసులో ఏమైందని అడిగితే, ఆ ఏటి డబ్బు ముందొచ్చినవాళ్లకే సరిపోయిందన్నారు. దానికి మీరు మిగిలారు.

అన్నట్టు, మా తమ్ముడి కొడుకు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాడు. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వడు. వాడికి కాలేజీ బయట ఇంటర్న్‌షిప్ చెయ్యాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి, సీపీటీకి ఆ పని కోర్సులో భాగమని చూపించాలి, అక్కడ మీరే దిక్కు. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి పోతుందని వాడి టెన్షన్ వాడిది. "అత్తా, నువ్వు రాసే లేఖలో నా పేరు పెట్టకు" అన్నాడు. పెట్టలేదు.

నా మనవి ఒక్కటే. అనుభవమే అసలు జీతమని మీరు అంత గట్టిగా నమ్ముతున్నారు కదా, ఆ భాగ్యం పిల్లలకే ఎందుకు? కాంగ్రెస్ సభ్యుల జీతం 2009 నుంచి ఏడాదికి 1,74,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, పాపం. దేశం మొత్తానికి వర్తించే కనీస వేతనం కూడా అదే ఏడు నుంచి గంటకి 7.25 దగ్గర ఆగింది, అది వేరే పాపం. సభ్యులందరికీ వచ్చే సెషన్ నుంచి జీతం బదులు తలా మూడు క్రెడిట్లు ఇప్పించండి. ఫీజు వాళ్లే కట్టుకుంటారు. వారానికో రిఫ్లెక్షన్ జర్నల్, ఐదు వందల పదాలకు తగ్గకుండా. సెషన్ చివర సూపర్‌వైజర్ ఇచ్చే మార్కులు నియోజకవర్గంలో ఫోన్ చేసి తిట్టినవాళ్లతో వేయిద్దాం. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1కి బడ్జెట్ పాస్ చెయ్యకపోతే 'ఇన్‌కంప్లీట్' గ్రేడు ఇచ్చి, అదే కోర్సు మళ్లీ పూర్తి ఫీజు కట్టి చదివిద్దాం. రాత్రి భోజనం సంగతి దిగులుపడక్కర్లేదు, పుల్లలు ఎక్కడ దొరుకుతాయో మా పిల్ల చూపిస్తుంది.

ఇట్లు,
మూడు క్రెడిట్ల బిల్లు కట్టిన తల్లి