ఇరవైకి ఇరవై వచ్చిన భాగస్వామ్యం

పదో తరగతి పిల్లల ప్రాజెక్టులు ఎక్కడ తయారవుతాయో చూడాలంటే బడిదాకా పోనక్కర్లేదు. బడి ఎదురుగా ఉండే స్టేషనరీ షాపు చాలు. చార్టు, థర్మాకోల్, కలర్ ప్రింట్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. మిగిలిన పని రాత్రి పదింటికి అమ్మ కూర్చుని అతికిస్తుంది.

ఇవి వచ్చింది మంచి ఉద్దేశంతోనే. ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం (ఏడాది పొడవునా పిల్లల్ని గమనిస్తూ మార్కులు వేసే పద్ధతి) తెచ్చినప్పుడు 'పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు' అని ఒక అంశమే పెట్టారు. పిల్లాడు ప్రశ్న అడిగాడా, ప్రయోగంలో చెయ్యి పెట్టాడా, పాఠం మీద తన మాట చెప్పాడా అని టీచర్ చూడాలి. దీనికీ, ప్రాజెక్టుకీ, రాత పనులకీ, లఘు పరీక్షకీ కలిపి మార్కులు. పదో తరగతిలో ఇవి 20, రాత పరీక్షకు 80. ప్రైవేటు బళ్లు ఆ 20 ఎలా పంచుతాయో అందరికీ తెలిసిందే. చివరికి ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసి, నూటికి నూరూ రాత పరీక్షకే ఇచ్చేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే అయింది. పిల్లాడు నోరు విప్పడానికి వెల కట్టడమే అసలు తప్పని నా అభిప్రాయం.

మార్కుల్లేకుండా పిల్లల్ని పనిలోకి దింపిన పద్ధతి మన దగ్గరే పుట్టింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు పెట్టారు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా గోడ మీద చూపిస్తారు. తను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే చూసుకుని, తన కార్డు తనే తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు టీచర్ దగ్గర, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేస్తుంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు దీన్ని అందుకున్నాయి, ఆ తర్వాత తమిళనాడు అంతా పాకింది. మనం మాత్రం పొరుగింటి పుల్లకూర కోసం ఇంకా వెతుకుతున్నాం.

కార్డులు అచ్చేస్తే చాలదు, నిజమే. అరవై మంది ఉన్న గదిలో, సిలబస్ అవ్వాలన్న టెన్షన్‌తో ఉన్న టీచర్‌కి ఇది అదనపు బరువే. అయితే ఒక్క విషయం చూడండి. వేరుశనగ పీకే రోజుల్లో వారం మానేసిన పిల్లాడు ఆ పల్లె బడికి తిరిగొస్తే, వదిలిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. మన రిజిస్టర్లో ఆ వారం అతని గడిలో సున్నా ఉంటుంది.